చూచినవారి ఋణము

ముండకోపనిషత్తునందు ఒకే వృక్షమును ఆశ్రయించియున్న రెండు పక్షుల ప్రసక్తి కలదు. అందొకటి ఫలములను భుజించుచు తీపిచేదులకు లోబడియుండగా, రెండవది దేనిని ముట్టక చూచుచు మాత్రమే యుండును. ఈ రెండవ పక్షియందు వేదాంతులు సాక్షిచైతన్యమును దర్శించిరి. చూచుట దాని స్వరూపము. చూచినదానితో దానికి లేపము లేదు. జగన్నాటకమున ఎన్ని అంకములు గడచినను దానికొక కన్నీటిబొట్టు రాలదు, ఒక చిఱునవ్వు పుట్టదు. ఈ మహోదాత్తమైన భావన మన జాతి మనస్సులో ఎంత లోతుగా నాటుకొన్నదనగా, చూచుట యనునది నిరపాయమైన పని యనియు, చేసినవాని పాపములో గాని పడినవాని దుఃఖములో గాని చూచినవానికి భాగము లేదనియు నిత్యవ్యవహారమునందు సైతము మనము అప్రయత్నముగా నమ్ముచుందుము. వీధిలో ఒకడు మఱియొకని కొట్టుచుండగా గుంపులో నిలిచి చూచి, ఇంటికి పోయి నిశ్చింతగా భోజనము చేయువాడు తనకు తెలియకయే ఆ రెండవ పక్షి పదవిని ఆక్రమించుకొన్నవాడు. ఆత్మను గూర్చి చెప్పిన మాటను కన్నులు గల మనుష్యునకు అన్వయించుకొనుట ధర్మమగునా యనునది ఇచట విచారింపదగిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటకు చూచుటయే జీవితవృత్తిగా గైకొన్నవారిని ఉదాహరణముగా గ్రహించుట యుక్తము. కవి కల్పించును, శిల్పి భావించును. డాక్యుమెంటరీ నిర్మాతలని ఈ కాలమున మనము వ్యవహరించువారు ఎదుట నున్నదానిని చూచి పదిమందికి చూపుటకే పూనుకొందురు. వారిని మెచ్చువారు ‘వీరు కేవలము సాక్షులు’ అని మెచ్చుకొందురు. నిందించువారు ‘వీరు సాక్షులుగా నుండక పక్షము వహించిరి’ అని నిందింతురు. సాక్షి యనగా ఉదాసీనుడని తలచుటలో మాత్రము ఉభయులకును భేదము లేదు. కాని మన శాస్త్రములలో సాక్షులు ఇరువురు కలరు. ఒకడు వేదాంతమునకు చెందినవాడు. అతనికి కర్తృత్వము లేదు, భోక్తృత్వము లేదు, కావున దోషమును లేదు. రెండవవాడు ధర్మశాస్త్రమునకు చెందినవాడు. అతడు సభలో నిలువబడును, చూచినది చెప్పుటకు బద్ధుడగును, చెప్పకున్నను వక్రముగా చెప్పినను పాపమును మూటగట్టుకొనును. మొదటివానికి చూచుట స్వాతంత్ర్యము, రెండవవానికి చూచుట ఋణము. కెమెరా చేపట్టినవారు వీరిలో ఎవరి గోత్రమునకు చెందినవారో నిర్ణయింపవలసి యున్నది.

దీపా ధన్‌రాజ్ అను చిత్రనిర్మాత్రి జీవితకృషి ఈ విచారణకు మిక్కిలి అనుకూలమైన నిదర్శనము. అందు హైదరాబాదు నగరమునకును తెలుగు భాషకును విశేషమైన పాలు కలదు. ఆమె 1980లో ఆభా భయ్యా, మీరా రావు, ఛాయాగ్రాహకుడు నవ్‌రోజ్ కాంట్రాక్టర్ అను మువ్వురితో కలిసి యుగాంతర్ అను చిన్న చిత్రబృందమును నెలకొల్పెను. తారలు, టిక్కెట్లు, లాభనష్టముల లెక్కలు అను సినిమా సరంజామా ఏదియు లేని ఆ బృందము కొలది యేండ్లలో నాలుగు లఘుచిత్రములను తీసెను. పుణె నగరమున ఇండ్లలో పాచిపని చేసికొని బ్రతుకు స్త్రీలు సంఘముగా ఏర్పడిన వృత్తాంతమును ‘మోల్కరీణ్’ అను పేర 1981లోను, కర్ణాటక సరిహద్దులోని నిపాణి పట్టణమున పొగాకు కర్మాగారములలో పనిచేయు స్త్రీల పోరాటమును ‘తంబాకూ చాకిలా ఊబ్ ఆలీ’ అను పేర 1982లోను చిత్రించిరి. 1983లో హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన అను స్త్రీల సంఘముతో కలిసి తెలుగులో ‘ఇది కథ మాత్రమేనా’ అను చిత్రమును, అదే సంవత్సరము హిమాలయ పాదసీమలలో చిప్కో ఉద్యమమున పాల్గొన్న ఒక పల్లెటూరి స్త్రీ పేర ‘సుదేశ’ను తీసిరి. తరువాత ఆమె బెంగుళూరు కేంద్రముగా, తన జీవితసహచరుడైన కాంట్రాక్టరుతో కలిసి, డీ అండ్ ఎన్ ప్రొడక్షన్స్ అను మఱియొక చిన్న సంస్థ ద్వారా ఈ కృషిని కొనసాగించెను. ఈ చిత్రములలో ఏదియు చూచి ఊరకుండుటకు తీసినది కాదు. అందుచేతనే అవి మన ప్రశ్నకు పనికివచ్చును.

ముందుగా వేదాంతసాక్షి పదవి వీరికి చెల్లునేమో చూతము. యుగాంతర్ వారు పనిచేసినది 16 మిల్లీమీటర్ల ఫిల్ముతో. నాలుగువందల అడుగుల చుట్ట పదునొకండు నిమిషములలో అయిపోవును. ఆ చుట్ట ఖరీదు చిన్నసంస్థకు తేలికైనది కాదు. కావున మీట నొక్కిన ప్రతిసారియు ‘ఇది చూడదగినది, తక్కినది విడువదగినది’ యను ఒక సంకల్పము జరుగుచున్నది. కెమెరాను ఏ మూల నిలుపవలెను, ఎవరి ముఖమునకు దగ్గఱగా పోవలెను, ఎవరు మాటలాడుచుండగా ఆపవలెను అనునవి యన్నియు సంకల్పములే. పిదప కూర్పుబల్ల వద్ద చూచినదానిలో అధికభాగమును త్రోసివేసి మిగిలినదానికి ఒక వరుసను కల్పించుట మఱియొక మహాసంకల్పము. సంకల్పమున్నచోట కర్తృత్వమున్నది, కర్తృత్వమున్నచోట నిర్లేపత్వము లేదు. ఆత్మసాక్షి దేనిని ఎన్నుకొనదు, అన్నిటిని సమముగా ప్రకాశింపజేయును; మనుష్యుడు ఎన్నుకొననిదే చూడనైనను జాలడు. యుగాంతర్ చిత్రములలో జరిగినదానిని అనుభవించినవారే మరల నటించి చూపిన ఘట్టములు కూడ కలవు. అట్టి చిత్రమును తీసి ‘నేను చూచితినే కాని చేయలేదు’ అని చెప్పుకొనుట అద్వైతము కాదు, ఆత్మవంచన.

సాంఖ్యులు చెప్పిన మాటయు ఇచట స్మరింపదగినది. రంగమున నర్తకి తన నృత్యమును ప్రేక్షకులకు చూపి ఎట్లు విరమించునో, ప్రకృతి తన్ను పురుషునకు చూపి అట్లు నివృత్తయగునని ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలు బోధించుచున్నవి. ఆ దర్శనమున నృత్యమంతయు ప్రేక్షకుని ప్రయోజనమునకే. అతడు స్వస్థుడై కూర్చుండును, ఆమె ఆడి అలసి తొలగిపోవును. తత్త్వముగా దాని ఔచిత్యమెట్లున్నను, మన వినోదచిత్రములు ఈ సంబంధమును అక్షరాలా అనుష్ఠించుచున్నవి: కుర్చీలో పురుషుడు, తెరపై ప్రకృతి. నిపాణి స్త్రీలు మాత్రము చూడబడి విరమించుటకు తెరపైకి వచ్చినవారు కారు. పొగాకుదుమ్ములో గడచిన తమ బ్రతుకును తామే చెప్పుకొనుటకు వచ్చిరి; చూపు వారి ప్రయోజనమునకు, ప్రేక్షకుని మోక్షమునకు కాదు. ఇచట సాంఖ్యుల రంగస్థలము తలక్రిందులైనది; చూచుచున్నవానిని రంగముపై నున్నవారే ప్రశ్నించుచున్నారు.

ఇక ధర్మశాస్త్రసాక్షి కడకు పోవుదము. మనుస్మృతి అష్టమాధ్యాయము ఎట్టివారు సాక్షులుగా పనికిరారో విస్తరముగా చెప్పుచున్నది. వివాదములో ధనసంబంధము గలవారు పనికిరారు, ఆప్తమిత్రులు పనికిరారు, సహాయులు పనికిరారు, శత్రువులు పనికిరారు. ఇందు మొదటి నిషేధము స్వతంత్రమైన చిన్నసంస్థ యొక్క అవసరమును ఎవరును చెప్పనంత చక్కగా చెప్పుచున్నది. 1948లో స్థాపింపబడిన ఫిల్మ్స్ డివిజన్ దేశమున ప్రతి సినిమాహాలులోను అసలు చిత్రమునకు ముందు ప్రభుత్వచిత్రమును చూపించుచుండెను. అందు ఉత్తమకృతులు లేకపోలేదు గాని, ఆనకట్టను కట్టినవాడే ఆనకట్టను గూర్చి సాక్ష్యమిచ్చినచో ఆ సాక్ష్యమునకు గల బలమెంతయో వేఱుగా చెప్పనక్కఱలేదు. వ్యాపారచిత్రమునకు టిక్కెట్టుతో ధనసంబంధము, ప్రభుత్వచిత్రమునకు అధికారముతో ధనసంబంధము. చిన్నసంస్థకు చిన్నతనము దారిద్ర్యలక్షణము మాత్రమే కాదు, సాక్ష్యయోగ్యత కొఱకు చెల్లించు మూల్యము. అట్లని దానికి ఏ ధనసంబంధమును లేదనుట అతిశయోక్తి. విదేశ టెలివిజన్ సంస్థల ధనమునకును, విరాళములకును, స్వచ్ఛందసంస్థల సాయమునకును ఇట్టి సంస్థలు చేయి చాపవలసియే వచ్చును. ఎవరి అన్నము తినుచున్నామో ఎఱిగి యుండుటయు, ఆ అన్నము మాటను వంపకుండ చూచుకొనుటయు సాక్షి నిత్యకర్మ.

రెండవ మూడవ నిషేధములు మాత్రము చిక్కైనవి. ఈ చిత్రములను తీసినవారు ఆ స్త్రీలకు సహాయులు. వారి సంఘములతో చేయి కలిపినవారు. అంతియే కాదు, అదే అధ్యాయము లోభరహితుడైన పురుషుడొక్కడైనను సాక్షి కావచ్చుననియు, స్త్రీలు శుచులై అనేకులైనను బుద్ధిచాంచల్యము వలన కారాదనియు చెప్పుటకు వెనుదీయలేదు. ఈ లెక్కచొప్పున దీపా ధన్‌రాజ్ సాక్ష్యము మూడువిధముల చెల్లనిది: స్త్రీ, ఆప్తురాలు, సహాయురాలు. ఇచటనే నిలిచిపోయినచో ధర్మశాస్త్రమునకును ఆమెకును ఒడంబడిక లేదని ఈ వ్యాసమును ముగింపవచ్చును. కాని స్మృతికర్త తాను కట్టిన గోడలో తానే ఒక ద్వారమును విడిచెను. ఇంటిలోపల జరిగినదానియందు, అడవిలో జరిగినదానియందు, శరీరమునకు హాని గలిగినపుడును, స్వయముగా ఎఱిగిన యెవరైనను సాక్ష్యము చెప్పవచ్చునని, పై నిషేధములు అచట వర్తింపవని ఆ గ్రంథమే యంగీకరించుచున్నది. కారణము స్పష్టము. నడివీధిలో జరిగిన వ్యవహారమునకు తటస్థులు దొరకుదురు. తలుపు మూసిన గదిలో, జనసంచారము లేని అరణ్యములో, ఒకరి దేహముపై జరిగిన అపకారమునకు తటస్థుడెక్కడ నుండి వచ్చును? అచట దగ్గఱ నున్నవారే ఎఱిగినవారు. దూరము ప్రామాణ్యమునకు ఆధారమగుచోటులు కొన్ని కలవు. సామీప్యము ఆధారమగుచోటులు ఇవి.

గృహము, అరణ్యము, శరీరము. ఈ మూడు స్థానములను దృష్టియందుంచుకొని ఆమె చిత్రములను పరిశీలించినచో, స్మృతికర్త విడిచిన ద్వారముననే ఆమె ప్రవేశించినట్లు కానవచ్చును. ‘ఇది కథ మాత్రమేనా’ ఇంటిలోపలి చిత్రము. వివాహమనెడి పవిత్రనామము చాటున ఒక మధ్యతరగతి యింట జరుగు హింసను, అందు చిక్కిన స్త్రీ ఏకాకితనమును, ఆమెకు ఆసరాయైన మఱియొక స్త్రీ స్నేహమును స్త్రీశక్తి సంఘటన సభ్యులు తామే పాత్రలు ధరించి చూపిరి. భర్త గాని భర్త బంధువులు గాని చేయు క్రూరత్వమును నేరముగా నిర్వచించిన 498ఎ సెక్షను భారత శిక్షాస్మృతిలో చేరినది ఆ 1983లోనే. అనగా రాజశాసనము గడప దాటి లోనికి చూచుటకు సాహసించిన కాలమున ఈ చిత్రమును ఆ గడపను దాటినది. నటించిన కథ సాక్ష్యమెట్లగునని ఆక్షేపింపవచ్చును. మీమాంసకులకు ఈ ఆక్షేపము క్రొత్త కాదు. వేదమునందలి అర్థవాదకథలు యథాతథముగా జరిగినవా కావా యను వివాదమున పడక, అవి విధితో ఏకవాక్యత నొంది, చేయవలసినదానిని ప్రశంసించియు చేయరానిదానిని నిందించియు ప్రమాణమగుచున్నవని వారు సమాధానము చెప్పిరి. ఇండ్లలో ఎందఱో అనుభవించినదానిని ఒక యింటి కథగా కూర్చి, ‘ఇట్లు జరుగరాదు’ అను నిషేధముతో జోడించిన చిత్రమునకు ఆ ప్రామాణ్యమును ఈయకుండుట న్యాయము కాదు.

‘సుదేశ’ అరణ్యమునకు చెందినది. అడవి గుత్తదారు గొడ్డలికిని చెట్టునకును నడుమ నిలిచిన స్త్రీలను గూర్చి పట్టణపువారు పలికిన పలుకులు అనేకము, ఆ స్త్రీలు తమంత తాము పలికినవి కొలది. మూడవదియైన శరీరమునకు 1991లో వచ్చిన ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ అను చిత్రము చెందినది. మన దేశము 1952లో కుటుంబ నియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగా చేపట్టినది. జాతీయస్థాయిలో అట్టి కార్యక్రమమునకు పూనుకొన్న దేశములలో మనదే ప్రథమము. 1975-77 అత్యవసరపరిస్థితి కాలమున అది బలాత్కారరూపము దాల్చిన సంగతి లోకవిదితమే. ఆ పిదప దాని భారము క్రమముగా స్త్రీల శరీరములపైకి మరలినది. ఈ చిత్రమున ఒకవైపు శస్త్రచికిత్సా శిబిరము, తన చేతివేగమును గర్వముతో చెప్పుకొను వైద్యుడు. మఱియొకవైపు నేలపై గుండ్రముగా కూర్చుండి, మనుష్యాకృతిని గీచి, తమ దేహమును గూర్చి తమ మాటలలో చెప్పుకొను గ్రామీణస్త్రీలు. వైద్యుని దృష్టిలో శరీరము సంఖ్య; ఆ స్త్రీల దృష్టిలో శరీరము జీవితము. జనసంఖ్యను గూర్చిన విధానము మంచిదా చెడ్డదా యను వాదములో పండితులకు పక్షములు రెండు కలవు. ఆ శిబిరపు బల్లపై పరుండినవారి అనుభవమును గూర్చి మాత్రము వారే ప్రమాణము.

ఇచట న్యాయదర్శనము మనకు మఱియొక మెట్టును చూపుచున్నది. మిత్రుడను అర్థమున గాక నమ్మదగినవాడను అర్థమున ఆప్తుడనగా ఎవడని ప్రశ్నించుకొని, విషయమును సాక్షాత్తుగా ఎఱిగినవాడు, ఎఱిగినదానిని ఎఱిగినట్లు తెలుపగోరి తెలుపువాడు ఆప్తుడని వాత్స్యాయనుడు నిర్ణయించెను. ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమేయని కూడ ఆయన చేర్చెను. కులము గాని విద్య గాని ఈ లక్షణమున చొరబడలేదు. కావున పుణెలో పాచిపని చేయు స్త్రీ తన యజమానురాలి యింటి సంగతిలో ఆప్తురాలు. నిపాణి స్త్రీ పొగాకుదుమ్మును గూర్చి ఆప్తురాలు. అట్లయినచో కెమెరా వెనుకనున్నవారి స్థానమేమి? సరిగా ఆలోచించినచో అసలు సాక్షులు తెర మీదివారు. చిత్రనిర్మాత్రి సాక్షులను సభకు తోడ్కొని వచ్చునది. ఆమె ధర్మము తాను మాటలాడుట కాదు, మాటలాడువారి మాట సభామధ్యమునకు చేరువరకు దారి కాచుట. మంచి డాక్యుమెంటరీకిని చెడ్డదానికిని గల తారతమ్యము చాలవఱకు ఇందే యున్నది: చెడ్డది దీనులను చూపి తాను మాటలాడును, మంచిది వారికి మాట నిచ్చి తాను వినును.

సభయే సాక్షులను లోనికి రానీయకున్న యేమి చేయవలెను? 2011లో వచ్చిన ‘ఇన్‌వోకింగ్ జస్టిస్’ అను ఆమె చిత్రము ఈ ప్రశ్నకు తమిళదేశమునుండి ఒక సమాధానము తెచ్చినది. అచట ముస్లిముల కుటుంబవివాదములను మసీదులకు అనుబంధమైన జమాతులు విచారించుచుండెను. వానిలో సభ్యులందఱు పురుషులు. ఏ స్త్రీ జీవితము తీర్పునకు వచ్చినదో ఆ స్త్రీకే అందు ప్రవేశము లేదు. పుదుక్కోట్టైలో షరీఫా ఖానమ్ అను నామె పూనికతో 2004లో ముస్లిమ్ స్త్రీలు తమ జమాతును తామే నెలకొల్పుకొనిరి. తమకును తమ తల్లిదండ్రులకును ప్రతికూలమైనను సాక్ష్యమును దాచరాదని, న్యాయమునకు నిలువవలెనని ఖుర్‌ఆను విశ్వాసులను ఆదేశించుచున్నది. ఆ ఆదేశమును విడువక, దానిని అమలుపఱచు సభను మాత్రము వారు మార్చిరి. మతమును త్యజించినవారు కారు, మతములో తమకు గల స్థానమును అడిగినవారు. ఈ చిత్రము ఒక మతమును నిందించుటకు ఇతరులు వాడుకొనదగిన ఆయుధముగా మాఱక, ఆ మతమునందలి స్త్రీల న్యాయబుద్ధికి నిదర్శనమై నిలిచినదనగా, తీసినవారు ఎంత దగ్గఱగా కూర్చుండి వినిరో ఊహింపవచ్చును. హిందువులమైన మనము దీనిని చూచి పొరుగువారి లోపమని సంతసించినచో మనకది తగదు. స్త్రీని సాక్షిగా ఒల్లని వాక్యము మన స్మృతిలోను కలదని పైన చూచితిమి.

గృహారణ్యశరీరములకు వెలుపల, నడివీధిలో, పట్టపగలు జరుగు అధర్మమొకటి కలదు. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వము తొలగింపబడి సెప్టెంబరులో మరల ప్రతిష్ఠింపబడిన ఆ నెలదినములలో హైదరాబాదు పాతనగరము మతకల్లోలములతో, కర్ఫ్యూలతో క్రాగిపోయినది. ఆ దుర్దినములను గూర్చి దీపా ధన్‌రాజ్ ‘క్యా హువా ఇస్ శహర్ కో’ అను చిత్రమును తీసెను; అది 1986లో వెలువడినది. అచట సాక్షులకు కొదవ లేదు, నగరమంతయు చూచినదే. కొదవ యైనది పలుకువారికి. సభాపర్వమున ద్రౌపది ప్రశ్నకు ఎవరును బదులు పలుకకున్నపుడు విదురుడు చెప్పిన లెక్క ఇచట వర్తించును: నింద్యమైనదానిని నిందింపని సభలో ఆ పాపమున సగము సభాపతికి, పాతిక చేసినవానికి, పాతిక నోరు మెదపని సభాసదులకు చెందునట. చేసినవానికిని చూచి ఊరకున్నవారికిని సమానభాగము! వేదాంతసాక్షి నిర్లేపత్వము మనుష్యసభలో చెల్లదనుటకు ఇంతకంటె స్పష్టమైన ప్రమాణము కానరాదు.

అట్టి సాక్షికి ఆదర్శమెవరనగా సంజయుడని నా తలపు. వ్యాసుడు దివ్యదృష్టి నొసగుదుననగా, తనవారి వధను చూడజాలనని ధృతరాష్ట్రుడు దానిని నిరాకరించి, వినుటకు మాత్రము సమ్మతించెను. ఆ దృష్టి సంజయునకు దక్కెను. అతడు తటస్థుడై వార్తలు చెప్పలేదు. ప్రభువు అన్నము తినుచు ప్రభువునే ‘ఇది నీ అపరాధఫలము’ అని పలుమాఱు నిలదీసెను. దూరమున కూర్చుండి సుఖముగాను చూడలేదు. శల్యపర్వమున సాత్యకి చేత చిక్కి చావు అంచువరకు పోయి వ్యాసుని వలన బ్రతికెను. దుర్యోధనుడు మరణించినంతనే అతని దివ్యదృష్టి అంతరించెను. అది ఒక కార్యము కొఱకు ఎరువుగా వచ్చినది, అతని సొత్తు కాదు. సత్యమునకు పక్షపాతియగుట, తన దేహమును గూడ పణముగా నొడ్డుట, చూపు తనది కాదని ఎఱుగుట అను మూడు గుణములును డాక్యుమెంటరీ నిర్మాతకు విధులు. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించిన పిదప చెలరేగిన విద్యార్థి ఉద్యమమును అనుసరించి ఆమె 2018లో ‘వుయ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై’ అను చిత్రమును వెలువరించెను. యుగాంతర్ నాటి యువతి అప్పటికి వయోవృద్ధురాలగుచున్నది. అయినను ధర్మశాస్త్రము చెప్పిన శరీరాత్యయము, అనగా దేహమే లేకుండ పోవుట సంభవించినపుడు, నగరము మరల సాక్షిని పిలిచినది, సాక్షి మరల వచ్చినది.

ఈ మార్గమునందలి దోషములను కప్పిపుచ్చుట తగదు. చిత్రములో నిలిచిన ముఖము చిరకాలము నిలుచును; ఒక సంవత్సరపు ధైర్యముతో పలికిన మాట తరువాతి సంవత్సరముల భయములో పలికినవారికే ముప్పు తేవచ్చును. దుఃఖము వారిది, చిత్రోత్సవములలో సత్కారము చిత్రనిర్మాతలది. ఈ అసమానతను ఎంత సద్బుద్ధియు పూర్తిగా తుడిచివేయజాలదు. యుగాంతర్ చిత్రములు నాలుగు దశాబ్దముల పిదప బెర్లిన్ నగరములోని ఆర్సెనల్ సంస్థ వారిచే డిజిటల్ రూపమున పునరుద్ధరింపబడి దేశాంతరములలో ప్రదర్శింపబడుచున్నవి. నవ్‌రోజ్ కాంట్రాక్టర్ 2023లో ఒక రోడ్డు ప్రమాదమున మరణించెను. తీసినవారు పోయినను తీయబడినవారి చిత్తరువులు తిరుగుచునే యుండును. కావుననే ఈ ఋణము ఎన్నటికిని పూర్తిగా తీరదని ఒప్పుకొనుట సాక్షికి మొదటి నిజాయితీ. తీర్చుటకు ప్రయత్నము మాత్రము విధిగా కలదు: అడిగి తీయుట, తీసినదానిని మొదట వారికే చూపుట, వారి సంఘములకు పనికివచ్చునట్లు దానిని వారి చేతిలో పెట్టుట, పేరు వచ్చినపుడు అది ఎవరి మాట వలన వచ్చినదో మఱవకుండుట. ఇది చేయువారికి చిన్నసంస్థయే తగినది. ఎందుకనగా పెద్దసంస్థకు బాకీదారులు లెక్కపుస్తకములో నుందురు, చిన్నసంస్థకు కన్నుల ముందర నుందురు.

అట్లయిన వేదాంతసాక్షి అసత్యమా? కాదు. ఆ స్థితి ఉన్నది, అది పరమగమ్యము. కాని దానిని చేరు దారిలో ఒక క్రమమున్నది. మూడు ఋణములను తీర్చి మనస్సును మోక్షమునందు నిలుపవలెనని, తీర్చక మోక్షమును కోరువాడు అధోగతి పాలగునని మనువే శాసించెను. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మనము తఱచు చెప్పుకొను మూటికి తోడు, పుట్టిన ప్రతివాడును మనుష్యులకు కూడ ఋణపడియే పుట్టుచున్నాడని శతపథబ్రాహ్మణము నాలుగవదానిని పేర్కొన్నది. అతిథికి అన్నమును ఆశ్రయమును ఒసగుట వలన అది తీరునని ఆ గ్రంథము చెప్పినది. ఆకలిగొన్నవానికి అన్నము నిచ్చినట్లే, చెప్పుకొన వచ్చినవారికి చెవి నొసగుటయు, చూచినదానిని చూచితినని పలుకుటయు ఆ ఋణములోని భాగమేయని అర్థము చేసికొనుట ఆ శ్రుతి హృదయమునకు విరుద్ధము కాదు. ఈ ఋణము కెమెరా పట్టినవారితో నిలిచిపోదు. చిత్రము పూర్తియై దీపములు వెలిగిన క్షణమున ‘మాకు తెలియదు’ అను మాట ప్రేక్షకుని నుండి తొలగిపోవును; అతడు అప్పుడు సభాసదుడు. నిర్లేపత్వమును గూర్చి అతడు మాటలాడదలచినచో మాటలాడవచ్చును. ముందుగా విదురుడు చెప్పిన పాతికభాగమును విడిపించుకొని వచ్చి మాటలాడవలెను.